కత్తెర తెల్లవారుజామున, హుక్కులు ఎప్పుడైనా

కావలి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిది నెలల పాప. ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం, జీతం 12,000. సాయంత్రాలు, ఆదివారాలు ఇంట్లో జాకెట్లు కుడుతుంది. నెలకు 45 దాకా కుడితే ఖర్చులు పోను ఏడు వేల పైచిలుకు మిగులుతోంది. భర్త లారీ ట్రాన్స్‌పోర్టులో పనిచేస్తారు, నెలలో సగం రోజులు ఊళ్లో ఉండరు. అత్తగారు పాపను చూసుకుంటారు గానీ, ఉద్యోగం ఉండగా ఈ మిషను గోల దేనికంటారు. మిషను దగ్గర కూర్చుంటే పాప ఏడుస్తుంది, పాపను ఎత్తుకుంటే ఫోను మోగుతుంది. రెండూ సరిగ్గా చేయలేకపోతున్నాను, ఉద్యోగం మానేయాలా, మిషను మూలన పెట్టాలా అని అడిగింది. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న: రాత్రి పాప నిద్రపోయాక కుడదామంటే మోటారు అదురుకు లేచిపోతోంది, దానికేమైనా ఉపాయం ఉందా అని.

అమ్మా, నాది ఒంగోలు. పాతికేళ్లుగా కుడుతున్నాను. మొదటి తొమ్మిదేళ్లు పగలు ఉద్యోగం, మిగతా వేళల్లో మిషను. ఆ తొమ్మిదేళ్లలోనే ఇద్దరు పిల్లలు. ఇప్పుడు మంగమూరు రోడ్డులో చిన్న షాపు ఉంది, నలుగురు పనిచేస్తున్నారు. నువ్వు మా అమ్మాయి కన్నా అయిదారేళ్లు పెద్దదానివై ఉంటావు. అందుకని నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఉద్యోగం ఇప్పుడే మానకు, మిషనూ మూయకు. 45 జాకెట్లను 30కి దించు. ధర పెంచు. హుక్కులు, హెమ్మింగు ఇంకొకరికి ఇవ్వు. కత్తెర పట్టే వేళ మార్చు. వీటిలో చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు బాగా ఖరీదు పెట్టించి నేర్పింది అదే, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

2005 మాఘ మాసం. మా అమ్మాయికి ఏడాదిన్నర. టంగుటూరు నుంచి ఒక పెళ్లికూతురి పట్టు జాకెట్టు వచ్చింది. చీరలోనే వచ్చిన జాకెట్టు గుడ్డ, రెండు చేతులకీ అంచు సరిగ్గా సరిపోయేంతే ఉంది. రాత్రి పదకొండు గంటలు. పిల్లకు జ్వరం, పది నిమిషాలకొకసారి లేచి నుదుటి మీద తడిగుడ్డ మార్చి వస్తున్నాను. మామూలుగా అయితే అంచు గుడ్డను మంచి వైపు మంచి వైపుకు ఆనేలా మడిచి రెండు చేతులూ ఒకేసారి కత్తిరిస్తాను. ఆ రాత్రి గుడ్డ పొదుపు చేద్దామని విప్పి పరిచాను. ఒక చెయ్యి కత్తిరించాను, పిల్ల మూలిగింది, లేచాను. తిరిగొచ్చి, కత్తిరించిన ముక్కనే కొలతగా పెట్టి, దాన్ని బోర్లించకుండా, రెండోది కత్తిరించాను. పొద్దున చూస్తే రెండూ కుడిచేతులే. నీకు తెలుసు, చంక దగ్గర ముందు వంపు లోతుగా తీస్తాం, వెనక వంపు తక్కువ. తిరగేసి కుడదామంటే జరీ వెనక పక్క పైకొస్తుంది. అంచు చీరతో పాటు నేసినది, బజారులో దొరకదు.

ఆ పెళ్లికూతురి తల్లి మా ఇంట్లో నిలబడి అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. "ఏడ్చే పిల్లను పక్కన పెట్టుకుని పట్టు మీద కత్తెర పెడతావా తల్లీ?" చివరికి వాళ్లను ఒప్పించి, చీరలో లోపల దోపుకునే కొస నుంచి జానెడు కత్తిరించి, ఆ అంచుతో ఇంకో చెయ్యి కుట్టి, కొసకు అదే రంగు గుడ్డ అతికాను. కుట్టుకూలి తీసుకోలేదు. పెళ్లి జరిగిపోయింది, ఎవరూ గమనించలేదట. కానీ ఆ తర్వాత నెల రోజులు కత్తెర పట్టుకుంటే నా చెయ్యి వణికేది.

అప్పుడు తెలిసింది, నా ఇబ్బంది గంటలు చాలకపోవడం కాదని. మధ్యలో లేవకూడని పనిని, ఎప్పుడైనా లేవాల్సి వచ్చే వేళలో పెట్టుకున్నాను. మన పనిలో మూడు రకాలున్నాయి. కటింగు మధ్యలో లేవకూడదు. కుట్టడం అంత కాదు. సూది గుడ్డలోకి దించి లేచి వెళ్లి, అరగంట తర్వాత వచ్చి అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. ఇక హుక్కులు, కాజాలు, హెమ్మింగు, ఫాల్స్ అయితే వందసార్లు లేచినా పాడయ్యేదేమీ లేదు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే, రాత్రి తొమ్మిదికి కటింగు మొదలుపెట్టి, ఆదివారం మధ్యాహ్నం పాప పడుకుని ఇల్లంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు హుక్కులు కుడుతున్నావు. అది తిరగబడాలి.

వారానికి రెండు రోజులు తెల్లవారుజామున నాలుగున్నరకు లే. ఆరింటి వరకు కత్తెర మాత్రమే. వారానికి సరిపడా జాకెట్లన్నీ ఆ రెండు పూటల్లోనే కత్తిరించి, ఒక్కొక్కదాన్నీ దాని లైనింగుతో, ఆది జాకెట్టుతో కలిపి మూట కట్టి, పేరు రాసిన చీటీ గుచ్చి పెట్టు. ముందు రోజు రాత్రి తొమ్మిదికే పడుకోవాలి, అది మరిచిపోకు. మిగతా రోజుల్లో ఆ వేళకు లేవనక్కర్లేదు, పాపతో పాటు నిద్రపో. కుట్టు మాత్రం సాయంత్రం అత్తగారు పాపను ఆడించే వేళ, ఇరవై నిమిషాల ముక్కలుగా చెయ్యి. ఈ పూట భుజాలు, డాట్లు. రేపు చేతులు. ఒకే కూర్చోవడంలో జాకెట్టు మొత్తం అవగొట్టాలని పంతం పట్టకు.

పాప పనిలోనూ ఇదే తేడా ఉంది. అన్నం పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం, వీటి మధ్యలో లేవకు. ఆ మూడు వేళల్లో ఫోను వేరే గదిలో ఉండాలి. అవీ కత్తెర పనులే. మిగతా వేళల్లో పాప నీ చుట్టూ పారాడుతుంటే నువ్వు ఫాల్స్ కుట్టుకుంటే ఏ అపరాధమూ లేదు.

పారాడుతుంది అన్నాను కాబట్టి ఇంకొక మాట. తొమ్మిది నెలల పిల్లకు నేల మీద మెరిసే ప్రతిదీ నోట్లో పెట్టుకోవాలనిపిస్తుంది. మా అబ్బాయి పదో నెలలో ఒకసారి బుగ్గలో ఏదో నములుతున్నాడని వేలు పెట్టి చూస్తే హుక్కు. నాలుక కింద పెట్టుకున్నాడు, గుచ్చుకోలేదు, మా అదృష్టం. ఆ రోజే పాడైపోయిన రేడియో స్పీకరు విప్పి అందులోని అయస్కాంతం తీశాను. దాన్ని పాత గుడ్డలో చుట్టి, దారం కట్టి, పిల్లవాణ్ణి కింద దించే ముందు మిషను చుట్టూ నేల మీద ఈడ్చేదాన్ని. మొదటిరోజు పదకొండు గుండుసూదులు, రెండు విరిగిన మిషను సూదులు, లెక్కలేనన్ని హుక్కులు దొరికాయి. నేను అంతకు ముందు ఆ నేల రోజూ ఊడ్చేదాన్నే! ఇత్తడి హుక్కులు, ప్లాస్టిక్ బొత్తాలు, పూసలు మాత్రం అయస్కాంతానికి అంటవు. అందుకే పాపకు మూడేళ్లు వచ్చేవరకు ఇంట్లో మగ్గం పని పెట్టుకోవద్దు, డబ్బు బాగా వస్తుందని ఎవరెంత ఊరించినా సరే. పూసలు నోట్లోకే కాదు, ముక్కులోకి, చెవిలోకి కూడా పోతాయి. ఇస్త్రీ పెట్టె వైరు బల్ల అంచు మీదుగా వేలాడకూడదు. కత్తెర, ఇస్త్రీ పెట్టె రెండూ పైన అరలోనే ఉండాలి.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. నువ్వు రాసిన దాంట్లో నేను ఎక్కువసేపు ఆలోచించింది ఈ ఒక్క వాక్యం గురించే. మా అత్తగారూ అచ్చం ఇలాగే అనేవారు. నేను పగలు ఆఫీసుకు వెళితే అది పని. సాయంత్రం మిషను ఎక్కితే అది నా సరదా, నా మొండితనం. ఎందుకంటే జీతం నెల మొదట్లో కవరులో వచ్చేది, ఆమె చేతికి ఇచ్చేదాన్ని. జాకెట్ల డబ్బు యాభై, డెబ్బై చొప్పున వచ్చి పాలకూ కూరగాయలకూ పోయేది, ఎవరికీ కనిపించేది కాదు. పైగా ఆ రెండు మూడు గంటలు పిల్లను మోసేది ఆమె. మోకాళ్ల నొప్పులతో. ఆమెకు దక్కేదేమీ లేదు, విసుక్కోక ఏం చేస్తుంది?

2004 దసరా ముందు పని మీద పడిపోయి, హుక్కులు మీరు కుడతారా అత్తయ్యా, జాకెట్టుకు మూడు రూపాయలు ఇస్తాను అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. కోడలి దగ్గర కూలి చేయాలా అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చి, సూదిలో దారం ఎక్కించి ఇవ్వు అన్నారు. శనివారం శనివారం లెక్క కట్టి చేతిలో పెట్టేదాన్ని. దాన్ని ఆమె ఆవాల డబ్బాలో దాచేవారు. సంక్రాంతికి ఆ డబ్బుతో మా అమ్మాయికి వెండి మొలతాడు కొన్నారు, మా ఆడపడుచుకు ఫోను చేసి మరీ చెప్పుకున్నారు. ఆ తర్వాత ఎవరైనా ఆ వేళలో మా ఇంటికి కబుర్లకు వస్తే, "మాకు పని ఉందమ్మా" అనేది ఆవిడే. మాకు అన్నారు, గమనించు.

మీ అత్తగారికి కళ్లు సహకరించకపోతే హుక్కులు వద్దు. పాపను చూసుకునే సాయంత్రాలకే నెలకు ఇంత అని పక్కన తీసి ఇవ్వు. సొంత మనవరాలిని చూసుకోవడానికి డబ్బా అంటారు. డబ్బు అని అనకు. మీ మందులకు ఉంచండి అను, చీటీ కట్టుకోండి అను, ఏ పేరైనా పెట్టు. ఆమె శ్రమకు లెక్క ఉందని ఆమెకు తెలియాలి. హుక్కులు, హెమ్మింగు మీ వీధిలోనే ఇంకొకరికి ఇవ్వు. మా ఒంగోలులో ఇప్పుడు జాకెట్టుకు ముప్పై ఇస్తున్నాను.

ముప్పై ఇస్తే నాకేం మిగులుతుంది అంటావు. కాగితం తీసుకో. లైనింగు జాకెట్టుకు నువ్వు తీసుకునేది 250. లైనింగు గుడ్డ 70, దారం, హుక్కులు, పైపింగు 15, కరెంటు 5. మొత్తం 90 పోతే నీకు మిగిలేది 160. ఒక్కోదానికి రెండుంబావు గంటలు పడుతుందని రాశావు. అంటే గంటకు సుమారు 71. మీ స్కూలు లెక్క చూస్తే, రోజుకు ఎనిమిది గంటలు, పాతిక రోజులు, 200 గంటలకు 12,000. గంటకు 60. అదీ ఇంటికి తెచ్చి దిద్దే పరీక్ష పేపర్లు కలపకుండా.

ఇప్పుడు ధర 350 చేశావనుకో. 90 ఖర్చు, 30 హెమ్మింగుకు. మిగిలేది 230. హుక్కులు, హెమ్మింగు నీ చేతిలో లేవు కాబట్టి ఒక్కోదానికి నీకు పట్టేది గంటా ముప్పావు. గంటకు 131. నెలకు 30 జాకెట్లకు 6,900. ఇప్పుడు నువ్వు 45 కుడితే వస్తున్నది 7,200. తేడా 300. గంటలు మాత్రం 101 నుంచి 52కు దిగాయి. దాదాపు యాభై గంటలు నీకూ పాపకూ తిరిగి వచ్చాయి. ఇంతకన్నా పెద్ద రహస్యం ఏదీ నా దగ్గర లేదు.

వంద పెంచితే అందరూ వెళ్లిపోతారు అని భయపడతావు. అందరూ పోరు, పదిహేను మంది పోతారు. పదిహేను మంది పోవాలనే కదా మన కోరిక! ఇంట్లో కూర్చునే కుడతావుగా, అద్దె లేదుగా, తగ్గించు అనేవాళ్లే ముందు పోతారు. పోనివ్వు. చేతుల కొలత తప్పితే మళ్లీ విప్పి కుట్టించుకునేదీ, అర్ధరాత్రి ఫోను చేసేదీ, పండగ వెళ్లాక డబ్బు ఇస్తాననేదీ చాలావరకు వాళ్లే. చుట్టాల విషయంలో మాత్రం నేను ఇప్పటికీ సరిగ్గా లేను. మా పిన్నిగారి కోడలి దగ్గర పదకొండు జాకెట్ల డబ్బు రావాలి, అడగలేక ఊరుకున్నాను. నువ్వయినా మొదటి నుంచే సగం అడ్వాన్సు అలవాటు చేయి.

పుస్తకం ఒకటి పెట్టు. వారానికి ఒక పేజీ, పేజీకి ఏడు గీతలు. ఏడు నిండితే ఆ వారం నిండినట్టే, ఎనిమిదోది పై వారం పేజీలోకి పోవాలి. గుడ్డ తీసుకునేది సోమవారం, గురువారం. ఇచ్చేది బుధవారం, శనివారం. సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకే. మంగళవారం, శుక్రవారం ఎలాగూ మనవాళ్లకు ఏదో ఒక పట్టింపు ఉంటుంది. తేదీ రాసిన చీటీ చేతిలో పెడితే "అక్కా, అయిందా?" అనే ఫోన్లు సగం ఆగిపోతాయి. ఇచ్చిన తేదీ మాత్రం తప్పకూడదు. పాపకు బాగా లేని వారం ముందే వస్తుందని అనుకుని, నేను ఎప్పుడూ ఏడులో ఒక గీత ఖాళీగా వదిలేదాన్ని.

ఇక ఉద్యోగం ఎప్పుడు మానాలి. శ్రావణ మాసం చూసి మాత్రం మానకు. వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం ఎవరికైనా అనిపిస్తుంది, ఇలా ఉంటే ఉద్యోగం ఎందుకని. నాకూ అనిపించింది, రాజీనామా కాగితం రాసి పెట్టుకున్నాను కూడా. తర్వాత మూఢం వచ్చింది. ముహూర్తాలు లేవు, పెళ్లి జాకెట్లు లేవు, రెండు నెలలు ఫాల్స్, పాత జాకెట్లు వదులు చేయడం, అంతే. ఆ కాగితం చింపేశాను. మన పనికి పంచాంగం ఉంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం మన పక్షం. ఆషాఢంలో చీరలు కొంటారు గానీ కుట్టించేది శ్రావణం దగ్గర పడ్డాకే. పుష్యంలో సంక్రాంతి దాటితే ఖాళీ. ఆ ఖాళీ నెలల్లో వచ్చేదాన్ని రెండేళ్లు వరసగా రాసుకో. ఆ సరాసరి నీ జీతానికి దగ్గరగా వచ్చిన రోజు ఉద్యోగం మాను. అప్పటికి పాపకు మూడేళ్లు నిండవస్తాయి, అంగన్‌వాడీకో నర్సరీకో వెళుతుంది, పగలు మిషను నీది.

మా ఇంట్లో ఇంకో పంచాంగం కూడా ఉండేది. మా ఆయన పొగాకు కంపెనీలో పనిచేసేవారు. వేలం మొదలైతే టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి తిరుగుతూ రాత్రికి గానీ ఇల్లు చేరేవారు కాదు. వేలం ముగిస్తే నెలల తరబడి ఇంటి పట్టునే. ఆయన ఇంట్లో ఉన్న నెలల్లో ఎక్కువ ఒప్పుకునేదాన్ని, లేని నెలల్లో తక్కువ. మీ ఆయన ట్రిప్పుల తేదీలు కూడా ఆ పుస్తకంలో రాయి. ఆయన ఊళ్లో ఉన్న రోజుల్లో రాత్రి పాపను చూసుకోవడం ఆయన వంతు. లారీ దిగి అలసిపోయి వచ్చారంటావు. ఒక రోజు పడుకోనివ్వు. రెండో రోజు నుంచి వంతే.

స్కూల్లో రెండు విషయాలు అడిగి తెలుసుకో. వేసవి సెలవులకు జీతం ఇస్తారా లేదా. పన్నెండు నెలల జీతమా, పది నెలలదా అన్నదాన్ని బట్టి నీ గంట విలువ మారుతుంది. రెండోది, టీచర్ల పిల్లలకు ఫీజులో రాయితీ ఉందా. ఉంటే అది కూడా జీతమే, లెక్కలో వేయి. నేను చీమకుర్తి గ్రానైటు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని. మొదటి కాన్పుకు ఒక్క నెల సెలవిచ్చారు, అదీ జీతం లేకుండా. చట్టప్రకారం అప్పుడు 12 వారాలు జీతంతో ఇవ్వాలి, నాకు తెలియదు, చెప్పినవాళ్లూ లేరు. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు అది 26 వారాలైంది. నీకు రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఆ మాట ముందే, కాగితం మీద తేల్చుకో.

అప్పుల గురించి క్లుప్తంగా చెబుతాను. షాపుల్లో వాడే పెద్ద పవర్ మిషను ఇప్పుడు కొనవద్దు. వారానికి ఏడు జాకెట్లకు నీ మోటారు మిషను చాలు. కొనాల్సిన రోజు వస్తే ముందు చేతివృత్తులవాళ్లకు కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ గురించి అడుగు. 2023లో మొదలైన ఆ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 భృతి, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా రుణం. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్రా రుణం తీసుకుని తీర్చకుండా ఉంటే దానికి అర్హత పోతుంది, కాబట్టి ఏది ముందో చూసుకో. ముద్రాలో 'శిశు' అనే విభాగం కింద 50,000 వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ నమోదుకు ప్రభుత్వ రుసుము ఏమీ లేదు, వెయ్యి అడిగేవాణ్ణి నమ్మకు. లైనింగులు, లేసులు నేను చీరాల నుంచో విజయవాడ వస్త్రలత నుంచో తెచ్చుకుంటాను, ఒక్కసారే మూడు నెలలకు సరిపడా. నువ్వు నెల్లూరు వెళ్లినా చాలు. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కాబట్టి దారిఖర్చు కూడా మిగులుతుంది.

జాకెట్ల డబ్బు వేరే ఖాతాలో పడాలి. ఇంటి డబ్బులో కలిస్తే కనిపించదు, కనిపించనిదాన్ని ఎవరూ గౌరవించరు, చివరికి నువ్వు కూడా. మీ జిల్లా ఆడవాళ్లకు ఇది నేను చెప్పాలా! 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాకే నెల్లూరు జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. నా మొదటి మోటారు కూడా పొదుపు సంఘం అప్పుతో కొన్నదే.

పాప ఏడుపు గురించి. ఎనిమిది, తొమ్మిది నెలల వయసులో పిల్లలకు అమ్మ కనిపించకపోతే భయం పట్టుకుంటుంది. నువ్వు మిషను ఎక్కినా ఏడుస్తుంది, స్నానానికి వెళ్లినా ఏడుస్తుంది. అది నీ ఉద్యోగం వల్లా కాదు, నీ మిషను వల్లా కాదు, ఆ వయసు అంతే. ఏడాదిన్నర దాటాక నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. చెప్పకుండా దొంగచాటుగా జారుకోకు, అప్పుడు ఇంకా ఎక్కువ వెతుక్కుంటుంది. చెప్పి వెళ్లు, చెప్పినట్టు తిరిగిరా. స్కూలు నుంచి రాగానే నేరుగా మిషను దగ్గరకు పోకుండా ముందు పాలిచ్చి, అరగంట ఒళ్లో పెట్టుకుంటే, ఆ తర్వాత గంట అత్తగారి దగ్గర నిమ్మళంగా ఉంటుంది. మా ఇంట్లో ఆ అరగంట తప్పిన రోజు సాయంత్రమంతా పాడయ్యేది. మా అమ్మాయి మిషను పక్కనే పెరిగింది కదా, కుట్టు వచ్చేసి ఉంటుందని అందరూ అనుకుంటారు. చెన్నైలో ఉద్యోగం చేస్తోంది, బొత్తాం ఊడితే చొక్కా కొరియర్లో నాకు పంపుతుంది.

మోటారు అదురుకు పాప లేస్తోందన్నావు. చప్పుడుతో పాటు నేల అదరడం కూడా పిల్లలకు తెలుస్తుంది, అందులోనూ చాప మీద పడుకోబెడితే. మిషనును పాప పడుకునే గోడకు ఎదుటి గోడ వైపు మార్చు, ఏ గోడకూ ఆనకుండా బెత్తెడు ఎడం ఉంచు. కాళ్ల కింద రబ్బరు వేయాలి. బొంత మడతపెట్టి వేస్తే నాలుగు రోజుల్లో అణిగిపోయి మిషను ఒరుగుతుంది, నేను చూశాను. మీ ఆయనది లారీ ట్రాన్స్‌పోర్టే కదా, పాత టైరు ట్యూబు ముక్క తెమ్మను. నాలుగు చతురస్రాలు కోసి, ఒక్కోదాన్ని రెండు మడతలు వేసి నాలుగు కాళ్ల కిందా పెట్టాలి. ఆ కోతా, మిషను ఎత్తి పెట్టడం ఆయన ఊళ్లో ఉన్న ఆదివారం ఆయనతోనే చేయించు.